చిన్న క్యాబినెట్ పీసీకి ఎస్‌ఎంపీఎస్ ఎంచుకోవడం ఎలా: అనంతపురం ఎండకూ, మన కరెంటుకూ తట్టుకునేలా

బల్ల మీద ఓ మూల ఇమిడిపోయే పది, పదిహేను లీటర్ల క్యాబినెట్, అందులో మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు. ఇలాంటి పీసీ కట్టుకోవాలనుకునే వాళ్లు ప్రాసెసర్ ఏది, కార్డు ఏది అని వారాల తరబడి వీడియోలు చూసి తేల్చుకుంటారు. గోడ కరెంటును పీసీ భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో 550 వాట్లది వేసేయన్నా" అని షాపులో చెప్పేసి ఊరుకుంటారు. పెద్ద టవర్ క్యాబినెట్‌లో అయితే అది చాలాసార్లు నడిచిపోతుంది, చిన్నదాంట్లో నడవదు. సైజు పట్టకపోవచ్చు, పట్టినా వైర్లు ఇమడకపోవచ్చు, అన్నీ ఇమిడినా మే నెల మధ్యాహ్నం గేమ్ మధ్యలో పీసీ ఠక్కున ఆగిపోవచ్చు.

బయట 42, 43 డిగ్రీలు, స్లాబు కింద పై అంతస్తు గది, పక్క చేలల్లో బోరు మోటార్లు ఆన్ అయినప్పుడల్లా పడిపోయే వోల్టేజీ, సాయంత్రం గాలివానకు పోయి వచ్చే కరెంటు. వేరే దేశంలో ఏసీ గదిలో కూర్చుని చేసిన రివ్యూల్లో ఇవేవీ ఉండవు. అందుకని ఈ గైడులో వరుస మార్చి రాస్తున్నాను. ముందు గోడలో వచ్చే కరెంటు, తర్వాత సైజు, ఆ తర్వాతే వాట్లు. అనంతపురం అని రాశానే గానీ కర్నూలుకూ కడపకూ కూడా ఇదే లెక్క.

1. ముందు గోడ సాకెట్ సంగతి తేల్చుకోండి

మల్టీమీటర్ ఒకటి తెచ్చుకోండి, కొన్ని వందల రూపాయల్లో దొరికేది చాలు. పీసీ పెట్టబోయే సాకెట్‌లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీని తెల్లవారుజామున ఒకసారి, వ్యవసాయానికి కరెంటు ఇచ్చే పగటి వేళల్లో ఒకసారి, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య ఇంకోసారి చూసి రాసుకోండి. మీటరు పట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఇందులో మొహమాటం పనికిరాదు. మన సరఫరా 230 వోల్టులు, నిబంధన ప్రకారం 6 శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 మధ్య ఉండాలి. ఊరి చివరి కాలనీల్లో, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇళ్లలో అంతకంటే కిందికి పడటం మనందరికీ తెలిసిందే.

ఇప్పుడు కొనబోయే ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఇన్‌పుట్ అన్న చోట ఏం రాసుందో చూడండి. 100-240 వోల్టులు అని ఉంటే అది యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటును సాఫీగా లాక్కునే సర్క్యూట్) ఉన్న ఫుల్ రేంజ్ యూనిట్ అన్నమాట. వోల్టేజీ 170కి పడినా అది ఆగదు, తక్కువైన వోల్టేజీకి బదులు ఎక్కువ కరెంటు లాక్కుని పని నడిపిస్తుంది. గోడ దగ్గర 280 వాట్లు తీసుకునే పీసీ 230 వోల్టుల దగ్గర 1.2 ఆంప్స్ లాగితే, 170 దగ్గర 1.65 దాకా లాగుతుంది. ఆ ఎక్కువ కరెంటు వల్ల ఎస్‌ఎంపీఎస్ లోపలి మొదటి భాగం ఇంకాస్త వేడెక్కుతుంది. కాబట్టి లో వోల్టేజీ ఉన్న ఇంట్లో వాట్లు బొటాబొటీగా తీసుకోకూడదు. 200-240 అని మాత్రమే రాసుంటే మన ఊళ్లకు వద్దు. వెనకాల 115, 230 అని ఎర్ర స్విచ్ ఉన్న పాత రకం అయితే అసలే వద్దు. పొరపాటున ఎవరైనా దాన్ని 115 వైపు జరిపి స్విచ్ వేస్తే పెద్ద శబ్దంతో పేలుతుంది.

ఫుల్ రేంజ్ యూనిట్ ఉంటే లో వోల్టేజీ కోసం స్టెబిలైజర్ అక్కర్లేదు. ఆ డబ్బు ఎస్‌ఎంపీఎస్ మీదే పెట్టండి. హై వోల్టేజీ మాత్రం వేరే కథ. త్రీ ఫేజ్ లైన్‌లో ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 300 దాటి, ఒక్కోసారి 400 దగ్గరికి వోల్టేజీ వచ్చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఉండే సర్జ్ రక్షణ క్షణకాలపు పోటుకే గానీ నిమిషాల పాటు వచ్చే దానికి కాదు. మీ వీధిలో ఒకసారైనా అలా జరిగి టీవీలు, ఫ్రిజ్‌లు పోయి ఉంటే, మెయిన్ బోర్డులో హై వోల్టేజీకి కట్ చేసే ప్రొటెక్టర్ పెట్టించుకోండి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్ పీకేయండి, దానికి మించిన రక్షణ ఇంకా రాలేదు.

ఎర్తింగ్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని ఎవరూ పట్టించుకోరు. క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుందా? ఎస్‌ఎంపీఎస్ పాడైందని దాన్నే మార్చేస్తుంటారు చాలామంది, చాలాసార్లు అది బాగానే ఉంటుంది. ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ నాయిస్ ఆపడానికి ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది, ఎర్త్ లేకపోతే బాడీ మీద సుమారు సగం వోల్టేజీ, అంటే 115 దాకా నిలబడి మనం ముట్టుకున్నప్పుడు మన గుండా పోతుంది. కరెంటు చాలా తక్కువే గానీ, నిజంగా లోపల ఏదైనా షార్ట్ అయిన రోజు కాపాడేది ఆ ఎర్త్ వైరే. మీటరుతో చూస్తే ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే రావాలి. మన నేల రాతి నేల, పైగా ఎండిపోయి ఉంటుంది, ఎండిన నేలకు కరెంటును లాక్కునే గుణం తక్కువ. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేయించి ఎండాకాలమంతా అప్పుడప్పుడు నీళ్లు పోయించండి. అద్దె ఇల్లయినా ఓనరును అడిగి చేయించుకోవాల్సిన పని ఇది.

2. క్యాబినెట్‌లో ఏ సైజు పడుతుంది

ఇక్కడ మీ ఇష్టం ఏమీ లేదు, క్యాబినెట్ ఏది చెబితే అదే. క్యాబినెట్ కంపెనీ వెబ్‌సైటుకు వెళ్లి ఎస్‌ఎంపీఎస్ రకం, గరిష్ఠ పొడవు రెండూ చూసుకోండి.

మామూలు ఏటీఎక్స్ వెడల్పు 150, ఎత్తు 86 మి.మీ., పొడవు 140 నుంచి మొదలై పైకి పోతుంది. ఎస్‌ఎఫ్‌ఎక్స్ 125 వెడల్పు, 63.5 ఎత్తు, 100 పొడవు. ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ అంటే వెడల్పు, ఎత్తు అవే, పొడవు మాత్రం 130, అందులో 120 మి.మీ. ఫ్యాన్ పడుతుంది. ఇవి కాక సన్నగా పొడుగ్గా ఉండే టీఎఫ్‌ఎక్స్, ఇంకా చిన్నదైన ఫ్లెక్స్ ఏటీఎక్స్ ఉన్నాయి. ఫ్లెక్స్‌లో ఫ్యాన్ 40 మి.మీ. మాత్రమే, అది మన ఎండల్లో గట్టిగా ఈల వేస్తూనే ఉంటుంది. పడక గదిలో పెట్టుకునే పీసీకి నేనైతే వద్దంటాను.

కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 లాంటి 18 లీటర్ల క్యాబినెట్ ఎస్‌ఎఫ్‌ఎక్స్, ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ రెండూ తీసుకుంటుంది. సిల్వర్‌స్టోన్ ఎస్‌జీ13 చిన్నదే అయినా అందులో ఏటీఎక్స్ పడుతుంది, కానీ పొట్టిదే పట్టాలి. లెక్క తప్పేది ఇక్కడే. మాడ్యులర్ (వైర్లు విడిగా గుచ్చుకునే) ఎస్‌ఎంపీఎస్ పొడవు 140 అని రాసి ఉంటే అది డబ్బా పొడవు మాత్రమే, దాని వెనక వైర్లు గుచ్చాక వంపు తిరగడానికి ఇంకో 20, 30 మి.మీ. కావాలి. ఆ చోటులోకే గ్రాఫిక్స్ కార్డు కొస వచ్చి ఆనుకుంటుంటే మూత పడదు. కాబట్టి కార్డు పొడవు, ఎస్‌ఎంపీఎస్ పొడవు, వైర్ల వంపు మూడూ కలిపి కాగితం మీద గీసుకుని చూడండి.

ఎస్‌ఎఫ్‌ఎక్స్, ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ రెండూ పట్టే చోట ఏది తీసుకోవాలి? చోటుంటే ఎల్ వైపే నా మొగ్గు, పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి అంతే గాలి ఇస్తుంది. అయితే ఆ 30 మి.మీ. వల్ల వైర్లు నలిగిపోయే పరిస్థితి ఉంటే మామూలు ఎస్‌ఎఫ్‌ఎక్స్ మంచిది. చిన్న క్యాబినెట్‌లో ఖాళీ జాగా అంటే గాలి తిరిగే దారి, దాన్ని ఊరికే పోగొట్టుకోకూడదు.

చాలా చిన్న క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ లోపలెక్కడో ఉంటుంది, గోడ నుంచి వచ్చే ప్లగ్ వెనక వైపు ఉంటుంది, రెంటినీ కలుపుతూ లోపల ఓ చిన్న పవర్ కేబుల్ నడుస్తుంది. దాని కొస ఎల్ ఆకారంలో వంగి ఉంటే ఎటువైపు వంగిందో చూసుకోండి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లలో సాకెట్ తలకిందులుగా ఉండి ఆ వంపు స్విచ్‌కు అడ్డం పడుతుంది.

గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌తోనే కట్టుకునే వాళ్లకు ఇంకో దారి ఉంది. ల్యాప్‌టాప్ చార్జర్‌లా బయట ఉండే 12 వోల్టుల అడాప్టర్, లోపల చిన్న డీసీ బోర్డు. కరెంటును మార్చేటప్పుడు పుట్టే వేడి క్యాబినెట్ బయటే ఉండిపోతుంది కాబట్టి మన వాతావరణానికి ఇది చాలా బాగా నప్పుతుంది. అడాప్టర్ 150 వాట్లకు తగ్గకుండా చూడండి. ఇక ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ డెల్, హెచ్‌పీ చిన్న డెస్క్‌టాప్‌లు కొని గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకునే వాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, వాటిలో చాలా మోడళ్ల ఎస్‌ఎంపీఎస్ సైజూ, బోర్డు కనెక్టరూ ఆ కంపెనీ సొంతం. బయట దొరికేది నేరుగా పట్టదు.

3. వాట్ల లెక్క

ఇది అందరూ అనుకునేంత కష్టమేం కాదు. ప్రాసెసర్ గరిష్ఠంగా తీసుకునేది, కార్డు తీసుకునేది, మిగతా బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు కలిపి ఓ 50, అంతే. ప్రాసెసర్ డబ్బా మీద ఉండే 65 వాట్లు నమ్మకండి. 65 వాట్ల ఏఎండీ ప్రాసెసర్ నిజానికి 88 దాకా పోతుంది, ఇంటెల్ ఐ5-12400 టర్బోలో 117 దాకా పోతుంది.

రైజెన్ 5 7600కు 88, ఆర్‌టీఎక్స్ 4060కి 115, మిగతావాటికి 50, మొత్తం 253. కార్డు పేజీలో ఎన్‌విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కావాలని రాస్తుంది. అది నాసిరకం యూనిట్లనూ, పెద్ద ప్రాసెసర్లనూ దృష్టిలో పెట్టుకుని రాసిన అంకె. మంచి 450 దీన్ని హాయిగా నడుపుతుంది. అదే రైజెన్ 7 7800ఎక్స్3డీకి 162, ఆర్‌టీఎక్స్ 4070కి 200, మిగతావాటికి 60 వేసుకుంటే 422 అవుతుంది, అక్కడ 650 తీసుకోవాలి.

కార్డులు క్షణంలో వెయ్యో వంతు కూడా ఉండని కాలానికి తమ మామూలు వాడకం కంటే చాలా ఎక్కువ లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, తర్వాతి ఏడాది వచ్చిన 3.1 ఈ పోట్లను తట్టుకోవాలని పెట్టిన షరతులతోనే వచ్చాయి. కొత్తగా కొనేవాళ్లు డబ్బా మీద 3.1 ఉన్నదాన్నే వెతకండి. నాకైతే, వచ్చిన మొత్తానికి సగానికి సగం కలుపుకుని దాని పై సైజు తీసుకోవడం సరైన లెక్క. 253 అయితే 380 అవుతుంది, కాబట్టి 450 చాలు, 550 దొరికితే ఇంకా మంచిది. అంతకంటే ఎక్కువ తీసుకోవడానికి అసలు కారణం ఇన్వర్టర్ గురించి చెప్పేటప్పుడు వస్తుంది.

ఒక్క హెచ్చరిక. వాట్లు అంటే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసింది కాదు, లేబుల్ మీద 12 వోల్టుల వరుసలో రాసిన ఆంప్స్. దాన్ని 12తో గుణించండి. నిజమైన 450 వాట్ల యూనిట్‌లో అక్కడ 37 ఆంప్స్ ఉంటే 444 వస్తుంది. ఐదారు వందలకు దొరికే పేరులేని "450 వాట్ల" డబ్బా లేబుల్‌లో అక్కడ 16 ఉంటే, ప్రాసెసర్‌కూ కార్డుకూ అది ఇవ్వగలిగేది 192 వాట్లే. ఆ అంకె కూడా నిజమో కాదో తెలియదు.

4. ఎండ

మధ్యాహ్నం గది 37, 38 డిగ్రీలుంటే చిన్న క్యాబినెట్ లోపల సులువుగా 48, 50 అవుతుంది. ఎస్‌ఎంపీఎస్ పీల్చేది ఆ గాలినే. అందుకని వాట్ల తర్వాత చూడాల్సిన అంకె, తనకు రాసిన పూర్తి వాట్లను అది ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందన్నది. మంచి వాటికి 50 డిగ్రీలని స్పెసిఫికేషన్ కాగితంలో రాసి ఉంటుంది, మధ్యరకానికి 40, చవకవాటికి అసలు రాయరు. ఎక్కడా రాయకపోతే దాన్ని పక్కన పెట్టేయండి. కోర్సెయిర్ ఎస్‌ఎఫ్ సిరీస్ మీద నాకు గురి కుదరడానికి కారణం వాళ్లు 50 డిగ్రీలని తేల్చి చెప్పడమే. అలాగే రక్షణల జాబితాలో ఓటీపీ, అంటే మితిమీరి వేడెక్కితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉందా అని చూడండి. ఓవర్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ రక్షణలు అందరూ రాస్తారు, ఇదొక్కటే చవకవాటిలో కనిపించదు.

గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం వృథా కాకుండా ఇస్తుందో చెప్పే 80 ప్లస్ గుర్తుల (బ్రాంజ్, గోల్డ్, ప్లాటినం, టైటానియం) గురించి చాలామంది కరెంటు బిల్లు వైపు నుంచి ఆలోచిస్తారు. లెక్క వేసి చూద్దాం. లోపల 250 వాట్లు కావాలి, 90 శాతం ఇచ్చే గోల్డ్ గోడ నుంచి 278 తీసుకుంటుంది, 85 శాతం ఇచ్చే బ్రాంజ్ 294 తీసుకుంటుంది. రోజుకు ఎనిమిది గంటలు ఏడాదంతా నడిపినా తేడా 47, 48 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే 330 దాకా. అంత పెద్ద ఆదా ఏం కాదు. కానీ వేడి వైపు నుంచి చూడండి, ఒకటి క్యాబినెట్‌లోకి 28 వాట్ల వేడి వదులుతుంటే ఇంకోటి 44 వదులుతోంది. 60 లీటర్ల టవర్‌లో ఆ 16 వాట్లు ఎవరికీ కనిపించవు. పది లీటర్ల పెట్టెలో కనిపిస్తాయి, ఫ్యాన్ శబ్దంలో వినిపిస్తాయి కూడా. అందుకే చిన్న పీసీకి గోల్డ్ కంటే కిందికి దిగొద్దంటాను. ప్లాటినం ధర దగ్గర్లో ఉంటే తీసుకోండి, టైటానియం కోసం అప్పు చేయొద్దు. సైబెనెటిక్స్ అనే ఇంకో రేటింగ్ ఉంది, వాళ్లు శబ్దాన్ని కూడా విడిగా కొలిచి ఇస్తారు, 230 వోల్టుల దగ్గర చేసిన రిపోర్టులూ పెడతారు. మనకు పనికొచ్చేవి అవే.

తక్కువ లోడ్‌లో ఫ్యాన్ అసలు తిరగకుండా ఉండే జీరో ఆర్‌పీఎం సౌకర్యాన్ని గొప్పగా చెబుతారు. డిసెంబరులో బాగుంటుంది. మేలో మాత్రం ఫ్యాన్ ఆగి ఉన్నంతసేపు లోపలి కెపాసిటర్లు ఉడుకుతుంటాయి, వాటి ఆయుష్షు తగ్గేది వేడికే. ఆ సౌకర్యాన్ని ఆపే బటన్ ఉన్న మోడల్ దొరికితే అది తీసుకుని ఎండాకాలం ఆపేసి పెట్టండి.

బిగించేటప్పుడు ఫ్యాన్ వైపు ఎటుందో చూసుకోవాలి. క్యాబినెట్ జాలీ వైపు తిప్పితే బయటి గాలి పీలుస్తుంది, లోపలి వైపు తిప్పితే గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలి పీలుస్తుంది. తేడా చాలా ఉంటుంది. ఆ జాలీకి సన్నని నైలాన్ ఫిల్టర్ ఉండాలి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లకు ఆ తెల్లటి దుమ్ము ఎంత మెత్తగా ఎక్కడికైనా దూరుతుందో నేను చెప్పక్కర్లేదు, అక్కడైతే వారానికోసారి ఫిల్టర్ దులపండి.

5. ఇన్వర్టర్, యూపీఎస్

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, ఇంకేం అనుకుంటారు. కరెంటు పోగానే ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతుంటాయి, పీసీ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. ఎందుకంటే మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారే మధ్యలో కొన్ని మిల్లీ సెకన్లు కరెంటు ఉండదు. ఆ కాస్త సేపు పీసీని నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్ లోపల ఉండే పెద్ద కెపాసిటర్. కొళాయి ఆగినా మిద్దె మీద ట్యాంకులో ఉన్న నీళ్లతో కాసేపు గడిచినట్టు, అందులో నిలవున్న కరెంటుతో పీసీ గడుపుతుంది. దీన్నే హోల్డప్ టైమ్ అంటారు. ఏటీఎక్స్ 3.1 ప్రకారం 80 శాతం లోడ్ దగ్గర 17 మిల్లీ సెకన్లు, పూర్తి లోడ్ దగ్గర 12 ఉండాలి. చవకవాటిలో ఖర్చు తగ్గించడానికి ముందుగా కోత పడేది ఈ కెపాసిటర్ మీదే.

వాట్లు కాస్త ఎక్కువ తీసుకోమన్నది ఇందుకే. 550 వాట్ల యూనిట్ 440 దగ్గర 17 మిల్లీ సెకన్లు నిలబడితే, మీ పీసీ వాడేది 250 మాత్రమే అయినప్పుడు అదే నిల్వ దాదాపు 30 దాకా వస్తుంది. ఒక మోస్తరు ఇన్వర్టర్ మారడానికి పట్టే సమయాన్ని అది దాటించేస్తుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి, అది త్వరగా మారుతుంది. దాంట్లో ఓ చిక్కు ఉంది. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180 కిందికి పడగానే బ్యాటరీకి పోతుంది, లో వోల్టేజీ ఎక్కువున్న ఇంట్లో రోజంతా బ్యాటరీ అరుగుతుంది. అలాంటి ఇంట్లో పీసీకి విడిగా లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ (వోల్టేజీ కాస్త తగ్గినా బ్యాటరీకి పోకుండా సరిచేసేది) పెట్టుకోవడం మేలు.

సైజు విషయానికొస్తే 600 వీఏ యూపీఎస్ అంటే చాలావరకు 360 వాట్లే. మన 278 వాట్ల పీసీ, మానిటర్‌కు 30, మొత్తం 308. నడుస్తుంది గానీ అంచు మీద నడుస్తుంది, లోపలి చిన్న 7 ఏహెచ్ బ్యాటరీ ఆ లోడ్‌కు కొన్ని నిమిషాలే ఇస్తుంది. సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేయడానికి సరిపోతుంది, గేమ్ పూర్తి చేయడానికి కాదు. పెద్ద కార్డు ఉంటే 1000 వీఏకి వెళ్లండి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్‌లు చవక ఇన్వర్టర్లు ఇచ్చే స్క్వేర్ వేవ్ (గోడ కరెంటులా సాఫీగా కాక మెట్లు మెట్లుగా వచ్చే కరెంటు) మీద ఇబ్బంది పడతాయి, కొన్ని ఆగిపోతాయి, కొన్ని గీ అని శబ్దం చేస్తాయి. ఇన్వర్టర్ కొత్తగా కొనేదైతే సైన్ వేవ్‌దే కొనండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరే ఉంటే, తిరిగి ఇచ్చే గడువులోపలే మెయిన్ స్విచ్ దించి పరీక్షించి చూడండి.

6. వైర్లు

పెద్ద ఏటీఎక్స్ యూనిట్ల వైర్లు 60 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉంటాయి. చిన్న పెట్టెలో వాటిని ఎక్కడ కుక్కుతారు? ఎస్‌ఎఫ్‌ఎక్స్‌తో వచ్చేవి పొట్టిగా, మెత్తగా ఉంటాయి. అవసరం లేనివి తీసేసే వీలు కోసం పూర్తి మాడ్యులరే తీసుకోండి. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల వైరు బోర్డు పై మూల దాకా సాగకుండా చేరుతుందో లేదో పొడవు చూసి నిర్ధారించుకోండి, ఎన్‌ఆర్200 సైజు పెట్టెల్లో ఏటీఎక్స్ నుంచి ఎస్‌ఎఫ్‌ఎక్స్‌కు మారినప్పుడు తక్కువ పడేది ఇదే.

కార్డుకు ఒక 8 పిన్ కనెక్టర్ 150 వాట్లు ఇస్తుంది, బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ నుంచి ఇంకో 75 వస్తాయి. 4060 రకం కార్డులకు ఒక్కటి చాలు. 12 వోల్ట్ 2x6 అనే 16 పిన్నుల కనెక్టర్ ఉన్న కార్డయితే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా ఆ వైరే రావాలి, చిన్న పెట్టెలో అడాప్టర్ ముడికి చోటుండదు. దాన్ని చివరి దాకా నొక్కి కూర్చోబెట్టండి, కనెక్టర్ దగ్గరే మడత పెట్టొద్దు, కనీసం 35 మి.మీ. నిటారుగా వచ్చాకే వంచండి. పక్క మూత దాన్ని నొక్కుతుంటే ఆ క్యాబినెట్ ఆ కార్డుకు పనికిరానట్టే.

ఇంకోటి, ప్రాణం పెట్టి చెబుతున్నా. ఒక ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ వైర్లను ఇంకో ఎస్‌ఎంపీఎస్‌కు వాడకండి, ఒకే కంపెనీవైనా సరే, ఇది ఆ మోడల్‌కు సరిపోతుందని కంపెనీ రాతపూర్వకంగా చెబితే తప్ప. బోర్డు వైపు పిన్నుల వరుస అందరికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు ఎవరిది వారిదే. గుచ్చితే చక్కగా పడుతుంది, స్విచ్ వేయగానే ఎస్‌ఎస్‌డీలూ బోర్డూ పోతాయి.

7. ఎక్కడ కొనాలి, ఏం అడగాలి

సుభాష్ రోడ్డు షాపుల్లో ఏటీఎక్స్ ఎప్పుడైనా దొరుకుతుంది గానీ ఎస్‌ఎఫ్‌ఎక్స్ చేతిలో పెట్టేవాళ్లు అరుదు. మనవాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్తారు, కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్తారు, లేదా ఆన్‌లైన్. మంచి ఎస్‌ఎఫ్‌ఎక్స్ గోల్డ్‌కు పది వేలు దాటుతుంది, అంతే వాట్లున్న ఏటీఎక్స్ బ్రాంజ్ అందులో సగానికి వచ్చేస్తుంది. ఆ తేడా భరించలేకపోతే ఎస్‌ఎఫ్‌ఎక్స్‌లో పేరులేనిదానికి దిగకండి, ఏటీఎక్స్ పట్టే కాస్త పెద్ద క్యాబినెట్‌కు మారండి. ఈ మాట చాలామందికి నచ్చదు, అయినా ఇదే సరైన పని.

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీ ఎన్నేళ్లు, పాడైతే ఎవరికి పంపాలి, కొరియర్ ఖర్చు ఎవరిది అని ముందే అడగండి. విదేశం నుంచి తెచ్చినదానికి ఇక్కడ వారంటీ వర్తించదని చాలా కంపెనీలు చెబుతాయి, చుట్టాలు తెస్తామన్నా ఆలోచించుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా తెరిచేటప్పుడు ఫోన్లో వీడియో తీయండి. లేబుల్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో చూడండి. సెకండ్ హ్యాండ్‌లో కార్డు కొనొచ్చు, ప్రాసెసర్ నిశ్చింతగా కొనొచ్చు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొనొద్దు. అది ఎన్ని ఎండాకాలాలు చూసిందో బయటి నుంచి కనిపించదు.

8. బిగించడం, పరీక్షించడం

క్యాబినెట్‌లో పెట్టకముందే బల్ల మీద బోర్డు, ప్రాసెసర్, ర్యామ్‌తో ఒకసారి ఆన్ చేసి చూడండి, చిన్న పెట్టెలో బిగించాక తప్పు వెతకడం నరకం. ప్రాసెసర్ వైరు 4+4గా విడిపోతుంది, కార్డు వైరు 6+2గా విడిపోతుంది, చూపుకు ఒకేలా ఉంటాయి, బలవంతంగా ఒకదాని చోట ఇంకోటి తోయకండి. ప్రతి కనెక్టర్ క్లిప్ పడిన శబ్దం రావాలి. ఫ్యాన్ తిరగలేదని కంగారుపడి ఎస్‌ఎంపీఎస్ మూత విప్పొద్దు. జీరో ఆర్‌పీఎం ఉన్నవి మొదట తిరగవు, పైగా లోపలి కెపాసిటర్‌లో ప్లగ్ పీకాక కూడా 380, 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

విండోస్ ఎక్కాక మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య, గది బాగా వేడిగా ఉన్నప్పుడే, ఓసీసీటీ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో పవర్ టెస్ట్ అరగంట పెట్టండి. వోల్టేజీలు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. సాఫ్ట్‌వేర్ చూపించే అంకెలు కచ్చితం కావు, కానీ లోడ్ పెరిగే కొద్దీ జారిపోతూ 11.4 దాటి దిగితే మల్టీమీటర్‌తో సరిచూసి వారంటీకి పంపండి. టెస్ట్ నడుస్తుండగానే మెయిన్ స్విచ్ దించి ఇన్వర్టర్‌కు మారుతుందో లేదో కూడా చూసేయండి, పని ఫైళ్లు ఏవీ తెరవకుండా. చలికాలంలో పీసీ కట్టుకున్న వాళ్లు ఇవన్నీ ఏప్రిల్ చివర్లో మళ్లీ ఒకసారి చేయాలి.

మిగిలిన మాడ్యులర్ వైర్లను ఒక కవర్లో వేసి, పైన ఎస్‌ఎంపీఎస్ మోడల్ పేరు మార్కర్‌తో రాసి, బిల్లు ఫోటోకాపీతో పాటు అదే డబ్బాలో పెట్టి అటక మీద ఉంచండి.